ముట్టుకున్న చెయ్యి

రాతి కింద వెల్లకిలా పడుకున్న అంబ్రీన్ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. నాకు భయం వేసింది. డిగ్రీ చదివినన్నాళ్ళూ నా పక్కనే కూర్చున్న మనిషి. పరీక్ష హాల్లో తప్ప ఆమె నోరు మూసుకుని ఉండగా నేను చూడలేదు.

"ఏమైందే? పామా?"

"పాము గీము కాదు. వచ్చి పండుకో. పైకి సూడు."

నడుం పట్టేస్తుందని తెలిసినా పడుకున్నాను. కోనలో ఆ చోట పెద్ద బండ ఒకటి పందిరిలా ముందుకు వాలి ఉంటుంది. దాని కింద ఎండ పడదు. ఎక్కడి నుంచో నీళ్ళు చెమ్మగా కారుతుంటాయి. రాతి కప్పు నిండా తెల్లటి ఉండలు అతికించి ఉన్నాయి. ఎవరో తీరిగ్గా సగ్గుబియ్యం వడియాలు పెట్టి, తీసుకోవడం మరిచిపోయినట్టున్నాయి. వాటి పక్కనే, పగులులోంచి సగం బయటికి వచ్చి, ఒక బల్లి.

పసుపు రంగు అంటే సరిపోదు. అప్పుడే మెరుగు పెట్టించుకొచ్చిన గొలుసు రంగు. కాలివేళ్ళ చివర్లు ఆకుల్లా విచ్చుకుని రాయిని అంటిపెట్టుకుని ఉన్నాయి. గొంతు మాత్రం టకటకా ఆడుతోంది.

"బంగారు బల్లి," అంది అంబ్రీన్, పేరు గట్టిగా అంటే పారిపోతుందేమో అన్నట్టు. "గుడ్లతో సహా. ఈ పక్క కొండల్లో నాకు దొరికిన మొదటి గుడ్ల గుంపు ఇదే నవీనా. నాలుగేండ్లుగా తిరగతా ఉండా."

అంబ్రీన్ తిరుపతిలో జువాలజీ లెక్చరరు. ఈ కొండల బల్లుల మీద పరిశోధన చేస్తోంది. నేనూ ఆ జువాలజీయే చదివాను. ఇన్నేళ్ళలో దాని వల్ల నాకు కలిగిన లాభం బొద్దింకను చూసి అరవకపోవడం. మా అత్తగారి ఊరు వడమాలపేట దగ్గర, సరిగ్గా కొండ కింద. ఊరి వెనక కోన ఉందని ఓసారి మాటల్లో అన్నందుకు అంబ్రీన్ నన్ను ఇల్లు కదిలించి తీసుకొచ్చింది. దారంతా చూపిస్తూనే ఉంది. తెల్లకరక చెట్టు, ఎర్రచందనం మొలకలు, ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు తోక బరువుతో దూకిన బెట్టుడుత. నేను చూస్తూనే ఉన్నాను. మా ఆయన జయచంద్ర రేణిగుంట గోడౌన్లో ఏ మూల ఏ పెట్టె ఉందో చెప్పగలడు. తాను పుట్టి పెరిగిన ఊరి వెనక ఇవన్నీ ఉన్నాయని మాత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు.

అంబ్రీన్ దగ్గర అటవీశాఖ అనుమతి ఉంది. ఆ బల్లిని మెత్తగా చేతిలోకి తీసుకుంది. నేను స్కేలు పట్టుకున్నాను. తల, ఒళ్ళు, తోక కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ దాని పగులు దగ్గరే వదిలేసింది. అది ఒకసారి వెనక్కి చూసి లోపలికి పోయింది. ఆ చూపు నేను ఎరుగుదును. పండక్కి చుట్టాలు దిగినప్పుడు మా వంటింట్లోంచి నేను చూసే చూపు.

"ఇవన్నీ ఒక్కదాని గుడ్లా?" అని అడిగాను.

"కాదే. ఎన్నో ఆడవి వచ్చి ఒక్క చోటే పెడతాయి. చెమ్మ, నీడ, పాములకు అందని కప్పు, అన్నీ కుదిరిన తావు అరుదు గదా. ఒకసారి అతికించినాక మళ్ళా కదిలించేకి లేదు. రాయి మీదనుంచి ఊడితే పగిలినట్టే. ఇవి పిల్లలయ్యే దాకా ఈ బండ జోలికి ఎవరూ రాకుండా ఉంటే సాలు. పొగ తగలకూడదు. ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎవరొస్తారు ఇక్కడికి?" అన్నాను ధీమాగా.

నా ధీమా ఇల్లు చేరేదాకా కూడా ఉండలేదు.

మా అత్త ఆదిలక్ష్మమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "బల్లుల్ని సూసేదానికి కొండెక్కల్నా? మన వంటింట్లో లేవా?" అంది.

"ఇది వేరేమ్మా," అని అంబ్రీన్ ఫోను చూపించింది.

అత్త కళ్ళజోడు సర్దుకుంది. ఫొటోలో అంబ్రీన్ అరచేతిలో బల్లి ధగధగా మెరుస్తోంది. అత్త చేతిలోని చింతపండు పళ్ళెంలో పడింది. ఆ తరవాత ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం. నేను కాఫీ పెట్టి తెచ్చేలోగా వసారాలో సగం ఊరు ఉంది.

కొత్తవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు బల్లి మీద పడితే దోషం. తలస్నానం చేసి, కంచి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకొచ్చినవాళ్ళను ముట్టుకుంటే అది పోతుంది. కంచి మాకు దూరమేమీ కాదు, కానీ బల్లి పడ్డప్పుడల్లా బస్సెక్కలేం కదా. అందుకని ఊరికొకరు ముట్టుకొచ్చి ఉంటే, మిగతావాళ్ళు ఆ చేతిని ముట్టుకుని గడిపేస్తారు. మా ఊళ్ళో ఆ చెయ్యి మునిరామయ్యది. ఆయన ఎప్పుడో పెళ్ళికని పోయి ముట్టుకొచ్చాడు. ఆ గౌరవం ఇప్పటికీ ఆయన మీసంలో కనిపిస్తుంది.

మా మామగారి తమ్ముడు, చిన్నమామ సుబ్రమణ్యానికి, ఈ మునిరామయ్య మీసం అంటే పడదు. పొలం గట్టు దగ్గర మొదలైన సంగతిది, వివరాలు వద్దు. ఆయన ఫోను తన చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరికి తెచ్చి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కంచిలో ఉండేది రేకు వదినా. రేకును ముట్టుకుంటేనే దోషం పోతా ఉంటే, ప్రాణం ఉండే బంగారు బల్లిని ముట్టుకుంటే ఇంగేముండాది! మన కోనలో ఉండాది సూడు అసలైంది."

"అట్లనగూడదప్పా," అన్నాడు మునిరామయ్య.

"నేనంటా. ఇందరి ముందర అంటా. ఇంగ ఈ ఊళ్ళో కంచి చేతులు సెల్లవు."

మునిరామయ్య మీసం వాలిపోయింది.

"రేపు శుక్రవారం," అన్నాడు చిన్నమామ. "పొద్దన్నే అందరం పోదాం. నిచ్చెన ఏసుకుని ఒకరెనక ఒకరు ముట్టుకుందాం. పసుపు, కుంకం, కర్పూరం. తర్వాత ఆడ ఒక చిన్న మండపం కట్టిస్తా. మెట్లు కొట్టించాల."

అంబ్రీన్ అడ్డం వచ్చింది. "మామా, అది చట్టం కాపాడే ప్రాణి. పట్టుకుంటే కేసైతాది."

"మేం పట్టుకుంటామా అమ్మణ్ణీ? ముట్టుకుంటాం, అంతే. నువ్వు పట్టుకున్నావే, నీ మీద కేసు పెట్టినారా?"

"నాకు అనుమతి ఉండాది."

"మాకు భక్తి ఉండాది."

ఆ మాటకు వసారా అంతా తలూపింది. అంబ్రీన్ గుడ్ల గురించి చెప్పింది, పొగ గురించి చెప్పింది. ఎవరూ వినకుండా ఏమీ లేరు. అందరూ శ్రద్ధగా విని, అయితే కర్పూరం కొంచెమే వెలిగిద్దాం అన్నారు.

సాయంత్రం ఆమె అటవీ అధికారికి ఫోను చేసింది. పలమనేరు వైపు ఏనుగులు మామిడి తోటల్లో దిగాయట. సిబ్బందంతా అక్కడే ఉన్నారు, శనివారం తప్పకుండా వస్తామన్నారు. శుక్రవారం ముట్టుకుంటే శనివారం వచ్చి ఏం చూస్తారు, పగిలిన పెంకులా?

"ఇంగ అయిపాయ," అని అంబ్రీన్ పెరట్లో అరుగు మీద కూలబడింది. "నేనే చూపించినా ఫొటో. నాకే బుద్ధి లేదు."

"ఏడిస్తే గుడ్లు దక్కవు. ఒక మాట చెప్పు. నువ్వు దాన్ని ముట్టుకున్నావు కదా?"

"ముట్టుకోకుండా ఎట్ల కొలుస్తాను?"

"మంచిది. రేపు పొద్దున ఎవరేమన్నా, నీ చెయ్యి వెనక్కి తీసుకోవద్దు."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నా మీద ఆమెకు ఎప్పుడూ నమ్మకం తక్కువ, కారణాలు ఆమెవి.

తెల్లారేసరికి వసారా నిండిపోయింది. ఇత్తడి పళ్ళాలు, కర్పూరం, పసుపు కొమ్ములు, ఒక పూలదండ. ఎవరి మెడలో వేస్తారో నాకు అర్థం కాలేదు. బల్లికైతే అది పదిసార్లు చుట్టుకోవాలి. నిచ్చెన మునిరామయ్యది. గౌరవం పోయినా నిచ్చెన మాత్రం ఆయనే మోయాల్సి వచ్చింది. చిన్నమామ కొత్త పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వర్జ్యం పోయేదాకా బయల్దేరకూడదని ఆయనే చెప్పాడు.

నేను బూజు కర్ర అందుకున్నాను.

"శుక్రవారం పూట బూజు దులుపుతారంటమ్మే?" అని అత్త కసిరింది.

"ఊరంతా వచ్చిన ఇల్లు కదా అత్తా. ఆ ఒక్క మూల బాగాలేదు."

మా అత్తగారి వసారా పెంకులది. ఆ మూల దూలం వెనక కాపురం ఉండే గోడబల్లి నాకు పాత పరిచయం. కొంచెం లావు, బద్ధకం ఎక్కువ. చిన్నమామ కుర్చీ సరిగ్గా దాని కింద వేసుకున్నాడు. ఇల్లు శుభ్రం చేసే ఆడదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది మా వృత్తిలో ఉన్న సదుపాయం.

బల్లి చిన్నమామ బట్టతల మీద పడింది. నున్నగా ఉండటం వల్ల అక్కడ నిలవలేక భుజం మీదికి జారి, చొక్కా మీదుగా దిగి, కుర్చీ కింద మాయమైంది. దానికేం దెబ్బ తగల్లేదు. మరుసటి వారమే మళ్ళీ దూలం వెనక కనిపించింది.

వసారాలో వాళ్ళంతా చిన్నమామ కుర్చీ చుట్టూ మూగారు.

"తలమీదనా పడింది?" అంది ఎవరో ముసలామె. "మొగోళ్ళకు తలమీద పడితే..."

"సెప్పొద్దులే," అన్నాడు ఇంకొకాయన.

చిన్నమామ లేచి నిలబడ్డాడు. పెరట్లోకి పోయి, తలమీద బిందెడు నీళ్ళు కుమ్మరించుకుని, తడిపంచెతో తిరిగొచ్చాడు. దోషంతో శుభకార్యానికి కదలకూడదు. ఇప్పుడు ముట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. వసారాలో అందరి తలలూ మునిరామయ్య వైపు తిరిగాయి.

మునిరామయ్య నిచ్చెన గోడకు ఆనించి, నిదానంగా చెయ్యి చాపాడు. "ముట్టుకో అన్నా. రేకును ముట్టుకున్న చెయ్యే, పాపం. పన్జేస్తాదో లేదో."

చిన్నమామ ఆ చేతిని చూశాడు. నిన్న ఇందరి ముందర అన్న మాట ఆ అరచేతి మీద రాసినట్టే ఉంది. ముట్టుకుంటే దోషం పోతుందేమో కానీ పరువు పోవడం ఖాయం.

"ఇంగెవురన్నా..." అని నసిగాడు.

నేను బూజు కర్ర మూల పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నాను. "చిన్నమామా, ప్రాణం ఉండే దాన్ని ముట్టుకున్న చెయ్యి లోపలే ఉంది కదా. మా అంబ్రీన్ నిన్ననే కదా దాన్ని అరచేతిలో పెట్టుకుంది. మీరే ఫొటో చూశారు."

అత్త నా వైపు చూసింది. బూజు కర్ర వైపు చూసింది. మా అత్త ఎక్కువ చదువుకోలేదు కానీ లెక్కలు బాగా తెలుసు. లోపలికి తిరిగి కేకేసింది.

"అంబ్రీనమ్మా, కొంచెం ఇట్లా రామ్మా."

అంబ్రీన్ గడప దాకా వచ్చి ఆగింది. నేను పక్కకు పోయి ఆమె చెవిలో చెప్పాను.

"నాకు సిగ్గుగా ఉండాదే," అంది పళ్ళ మధ్య నుంచి. "నేను సైన్స్ చెప్పేదాన్ని. నమాజ్ చేసేదాన్ని. నా చెయ్యి ముట్టుకుంటే దోషం పోతాదని నేనే నిలబడి..."

"నువ్వేమీ చెప్పొద్దు. అబద్ధం ఆడొద్దు. దాన్ని ముట్టుకున్నావా లేదా, అదొక్కటే అడుగుతారు. సైన్స్ కావాలా, గుడ్లు కావాలా?"

"గుడ్లే కదే సైన్స్!"

"అయితే చెయ్యి చాపు."

చాపింది. చిన్నమామ ముందుకొచ్చాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ముందు దణ్ణం పెట్టాడు. "తల్లీ, నువ్వు మా బిడ్డలాంటిదానివి," అని వేళ్ళ కొసలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఎట్లుండాది?" అని మునిరామయ్య అడిగాడు. ఆయనకు నిజంగానే ఆత్రంగా ఉంది.

"సల్లగా ఉండాది," అన్నాడు చిన్నమామ.

బిందెడు నీళ్ళు పోసుకుంటే ఎవరికైనా చల్లగానే ఉంటుంది.

ఆ తరవాత అత్త ముట్టుకుంది. ముసలామె ముట్టుకుంది. వరస కట్టారు. పూలదండ ఎవరి మెడలో పడాలో అప్పుడు తేలింది. అంబ్రీన్ వద్దు వద్దంటూనే ఉంది. చివరికి మునిరామయ్య కూడా వచ్చి, "రేకూ ప్రాణమూ రెండూ ఉంటే మంచిది గదమ్మా," అని ముట్టుకుపోయాడు.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఎవరో కుర్రకారు, "ఇంగ పోదామా కోనకు?" అన్నారు. నిచ్చెన మళ్ళీ లేచింది.

"ఎందుకప్పా ఎండలో?" అన్నాను. "కంచికి ఊరంతా పోతామా? ఒకరు పోయొస్తే ఊరికంతా సరిపోలేదా ఇన్నాళ్ళూ? ఇప్పుడు ఊళ్ళో అందరివీ ముట్టుకున్న చేతులే." చిన్నమామ వైపు తిరిగాను. "అయినా నాకెందుకులే. మెట్లు కొట్టిస్తే పక్క ఊళ్ళవాళ్ళు నేరుగా కోనకే పోయి ముట్టుకుంటారు, మన ఊరి గడప తొక్కే పని కూడా ఉండదు. మెట్లు లేకపోతే ఏం చేస్తారు? బల్లి పడితే ఎవరిని వెతుక్కుంటూ రావాలి?"

చిన్నమామ కళ్ళు నెమ్మదిగా చిన్నవయ్యాయి. నిచ్చెన వైపు చూశాడు. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, కొత్తగా కొనుక్కొచ్చినట్టు.

"నవీన సెప్పేది నిజమే," అన్నాడు. "నిచ్చెన దించు మునిరామయ్యా. గుడ్లు పెట్టిన ప్రాణి. దాని కాపురంలోకి మనం పోయి తొక్కిసలాట చేస్తే పాపం గాదా?"

ఆ మాటలన్నీ నిన్న అంబ్రీన్ చెప్పినవే. కానీ మొదటిసారి ఆయన నోట్లోంచి వచ్చాయి కాబట్టి అందరికీ అర్థమయ్యాయి.

మధ్యాహ్నానికి కోన మొదట్లో తుమ్మకంప అడ్డం పడింది. మేకలవాళ్ళకు చిన్నమామే స్వయంగా చెప్పొచ్చాడు, ఆ బండ వైపు తోలొద్దని. శనివారం అటవీ అధికారి వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు. ఇంత సహకరించే ఊరు ఈ మధ్య చూడలేదన్నాడు. చిన్నమామ ఆయనకు చెయ్యి ఇచ్చి, "మీ మీద ఎప్పుడన్నా బల్లి పడిందా సార్?" అని అడిగాడు.

ఆ నెలా ఆ పై నెలా చిన్నమామకు తీరిక లేదు. అంత దూరం ఐరాల నుంచి కూడా ఒక కుటుంబం వచ్చింది. తాంబూలం పెట్టి ఆయన చెయ్యి ముట్టుకుని పోయారు. అంబ్రీన్ వారానికోసారి వచ్చేది. దూరం నుంచి చూసి, ఫొటో తీసుకుని, చప్పుడు లేకుండా దిగొచ్చేది. ఊళ్ళో ఆమెను దాటి ఎవరూ వట్టి చేతులతో పోయేవారు కాదు. ఒకరు కాకరకాయలు, ఒకరు మజ్జిగ. "నా పరిశోధనలో ఈ కాకరకాయల్ని యాడ రాయాల?" అనేది.

ఒకరోజు ఆమె ఫోను చేసి ఒకే మాట అంది. "రా."

ఈసారి అత్త కూడా బయల్దేరింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ కొండ కిందే ఉన్నా ఎన్నడూ ఎక్కలేదట. కట్టెలకు పోయే వయసులో మామగారు పోనివ్వలేదు, తరవాత గ్యాసు వచ్చింది. తుమ్మకంప పక్కకు జరిపి, చెప్పులు చేతిలో పట్టుకుని, మాకంటే ముందే నడిచింది.

బండ కింద తెల్లటి ఉండలన్నీ చిల్లులు పడి ఖాళీగా ఉన్నాయి. ఒక్కటి కూడా పగలగొట్టినట్టు లేదు. లోపలి నుంచి తోసుకుని బయటికి వచ్చిన చిల్లులు. రాతి పగుళ్ళలో వేలి కణుపంత పిల్లలు, ఒకటి, ఇంకొకటి, కళ్ళు అలవాటు పడేకొద్దీ ఎటు చూస్తే అటు. అంబ్రీన్ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో కళ్ళు తుడుచుకుని, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇవి మట్టి రంగుండాయే," అంది అత్త. "బంగారం యాడ?"

"పెద్దయినాక వస్తాదమ్మా. అది గూడా మగవాటికే. జతకట్టే కాలంలో."

"మొగోళ్ళకేనా సోకు!" అత్త నవ్వింది. "మరి ఆడదానికి?"

"ఆడది రాయి రంగే. కనబడకుండా ఉంటేనే గదా గుడ్లు పెట్టి బతికేది."

అత్త బండకు దగ్గరగా ముఖం పెట్టి చూస్తూ నిలబడింది. ఒక పిల్ల పగులులోంచి దిగి, ఆమె ముక్కు ఎదురుగానే ఆగింది. చిన్న కాలివేళ్ళ చివర్లు అప్పుడే విచ్చుకుంటున్నాయి. చెయ్యి చాపితే అందుతుంది. అంబ్రీన్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అత్త రెండు చేతులూ వెనక్కి తీసుకుని, నడుం దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుంది.

"పో తల్లీ," అంది దానితో. "పోయి పెద్దదానివి కాపో."